పటమట ఫ్లాట్‌లో రూటర్ పెట్టేముందు

గుంటూరు, బ్రాడీపేట

చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు హాస్టల్ ఖాళీ చేసి పటమటలో ఫ్లాట్ తీసుకున్నావట, ఆఫీసులో పరిచయమైన అమ్మాయీ నువ్వూ చెరో గదిలో ఉంటారట, ఈ వారంలోనే ఇంటర్నెట్ పెట్టించుకుంటారట. వాడి గొంతులో దిగులు తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ముందు గర్వంగా అనిపించింది. మన ఇళ్లలో తన పేరు మీద అద్దె కాగితం రాయించుకున్న ఆడపిల్లవి నా తర్వాత నువ్వే. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఇద్దరూ కలిసి ఒక కనెక్షన్ అనగానే నా పాత ఫోను గుర్తొచ్చింది. అందుకే తెల్లవారుతూనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పనుందని పక్కన పెట్టెయ్యకుండా చివరిదాకా చదువు.

ముందు పెట్టె సంగతి. మీ అపార్ట్‌మెంట్‌కి వచ్చేది ఫైబర్. అటక మీద దాచిన పాత మోడెం పట్టుకెళ్లమంటాడు మీ నాన్న, తీసుకోకు. అది 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్ల డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజుల నాటి సరుకు, రాగి టెలిఫోన్ తీగకి తగిలించేది. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నటి గాజుపోగులో పరిగెత్తే వెలుగు. ఆ వెలుగుని మళ్లీ మామూలు సిగ్నల్‌గా మార్చే పెట్టెని కంపెనీ వాళ్లే తెచ్చి గోడకి బిగిస్తారు. దాని అసలు పేరు ఓఎన్‌టీ, వచ్చిన కుర్రాడు మాత్రం మోడెం అనే అంటాడు. ఇప్పుడు చాలావాటిలో వైఫై కూడా కలిసే ఉంటుంది. "బాబూ, ఇది డ్యుయల్ బ్యాండేనా?" అని అడుగు, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై ఇచ్చేదా అని. అవునంటే ఒక వారం దాంతోనే గడపండి. ఎవరి గదిలో వాళ్లు తలుపులు వేసుకుని స్పీడ్ చూసుకోండి. సరిపోతే ఇంకో రూటర్ కొనడం డబ్బు దండగ.

సరిపోకపోతే డ్యుయల్ బ్యాండ్ రూటరే కొనండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది గానీ నిదానం. పైగా అపార్ట్‌మెంట్‌లో చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అందులోనే తోసుకుంటుంటాయి, వంటింట్లో మైక్రోవేవ్ తిరిగినా అది తడబడుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. 100 ఎంబీపీఎస్ స్పీడు దాటిన ప్లాన్ తీసుకునేటట్టయితే, వైరు పెట్టే పోర్టులు గిగాబిట్‌వో, అంటే వెయ్యి దాకా అందుకునేవో కాదో చూడు. చవక రకాల్లో అవి 100 దగ్గరే ఆగిపోతాయి, 300కి డబ్బు కట్టి 100 వాడుకున్నట్టవుతుంది. వైఫై 6 అని, అంటే కాస్త కొత్త తరం వైఫై అని ఉంటే మంచిదే. యాంటెన్నాలు లెక్కపెట్టి మాత్రం కొనకు.

హాల్లో పెట్టండి. ఇద్దరి గదులకీ మధ్యలో, మనిషి తలంత ఎత్తులో. ఇనప బీరువా పక్కన వద్దు, ఫ్రిజ్ వెనక వద్దు, టీవీ అలమరలో పెట్టి తలుపు మూసేయొద్దు. రోహిణి కార్తెలో బెజవాడలో మనుషులకే ఊపిరాడదు, ఆ పెట్టెకీ గాలి తగలాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ నీ గదిలో పెట్టుకోకు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే...

1991లో నేను ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే ఊరి నుంచి ఊరికి ఫోన్లు కలిపేచోట, ఆపరేటర్‌ని. ఇదే బ్రాడీపేటలో రెండు గదుల వాటా తీసుకుని, బ్యాంకులో పనిచేసే ఒంగోలు అమ్మాయితో కలిసి ఉండేదాన్ని. మీ తాతయ్య ఓవైటీ కింద, అంటే ముందే పెద్ద మొత్తం కట్టి ఫోన్ తెచ్చుకునే పథకం కింద, డబ్బు కట్టి నా పేరున ఫోన్ పెట్టించారు. నల్లటిది, వేలు పెట్టి తిప్పే డయల్. దాన్ని నా గదిలో, నా మంచం పక్కన స్టూలు మీద పెట్టుకున్నాను. బిల్లు రెండు నెలలకోసారి వస్తే చెరి సగం కట్టేవాళ్లం.

ఎప్పుడూ 180, 200 వచ్చే బిల్లు ఒకసారి 640 వచ్చింది. ఆ బిల్లులో ఏ ఊరికి చేశారో, ఎంతసేపు మాట్లాడారో ఉండేది కాదు. మీటర్ ఎంత తిరిగితే అంత. ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. వాళ్ల ఊరికి తెగ చేస్తోందని నాకు నేనే అనేసుకుని, మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ డయల్‌కి వేసే తాళం కొన్నాను. బొటనవేలంత ఉండేది. డయల్ చిల్లులో దూర్చి తాళం వేస్తే ఇక అంకెలు తిరగవు. తాళంచెవి పర్సులో వేసుకున్నాను. ఆ అమ్మాయికి చెప్పనైనా చెప్పలేదు. ఫోనొస్తే ఎత్తుతుంది, చేయాలంటే నన్నే అడుగుతుందిలే అనుకున్నాను.

నాలుగో రోజు నాకు నైట్ డ్యూటీ. బయట వాన. రాత్రి పన్నెండున్నరకి ఒంగోలు నుంచి వాళ్ల పక్కింటాయన ఫోన్ చేశాడట, నాన్నగారికి గుండెల్లో నొప్పి అని. ఆస్పత్రి పేరు చెప్పేలోపే లైన్ తెగిపోయింది. తిరిగి చేద్దామని చూస్తే డయల్‌కి తాళం. వీధి చివర ఎస్‌టీడీ బూత్ మూసేశారు. ఆ పిల్ల ఒక్కతే గొడుగు పట్టుకుని రైల్వే స్టేషన్ దాకా నడిచింది. అక్కడ లైన్ దొరికేసరికి రెండున్నర.

ఆ రాత్రంతా నేను చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని ఎవరెవరివో అర్జెంట్ కాల్స్, అన్నిటికంటే ముందు కలపాల్సిన లైట్నింగ్ కాల్స్ కలుపుతూ కూర్చున్నాను. ఎవరింట్లోనో ఒంట్లో బాగోలేదంటే పాపమని త్వరగా లైను ఇప్పించాను.

పొద్దున వచ్చేసరికి ఆ అమ్మాయి లేదు, తెల్లవారుజాము బండికి వెళ్లిపోయింది. తడిసిన చీర దండెం మీద ఉంది. స్టూలు మీద ఒక హెయిర్‌పిన్ పడి ఉంది, కొస వంకరపోయి. తాళం చుట్టూ తెల్లటి గీతలు. ఆ పిన్నుతో తెరవడానికి ఎంతసేపు తంటాలు పడిందో. ఆ గీతలు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటాయి తల్లీ.

దేవుడి దయవల్ల పెద్దాయన బతికారు. ఆ అమ్మాయి పది రోజులకి తిరిగొచ్చి తాళం గురించి ఒక్క మాటా అనలేదు. నెల తిరగ్గానే వేరే గది చూసుకుంది. వెళ్లేరోజు స్టూలు మీద 320 రూపాయలు పెట్టి వెళ్లింది, బిల్లులో తన సగం. తర్వాత రెండు నెలలకి తెలిసింది, ఆ కాల్స్ మీ నాన్నవి. వాడప్పుడు ఇక్కడ కోచింగ్‌లో ఉండేవాడు. భోజనానికని వచ్చి, మేమిద్దరం లేనప్పుడు హైదరాబాద్‌లో స్నేహితుడికి ఫోన్ చేసి ఫలితాల సంగతి కనుక్కునేవాడు. పట్టపగలు, పూర్తి రేటుకి. ఆ అమ్మాయి ఎప్పుడు చేసినా రాత్రి పదకొండు దాటాక పావు రేటుకే చేసేది. ఈ లెక్క ఆపరేటర్‌ని నాకు తట్టాలి. తట్టలేదు. తర్వాత మూడు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. మీ నాన్నని అడుగు, కాదనడు.

ఇప్పటి రూటర్లకి తాళం యాప్‌లోనే ఉంటుంది. చాలావాటిలో ఏ ఫోన్ ఎంత వాడుతోందో కనిపిస్తుంది, దాని పేరు మీద నొక్కితే నెట్ ఆగిపోతుంది. ఏదో ఒక రాత్రి నీ మీటింగ్ ఆగి ఆగి వస్తుంటుంది, పక్క గదిలో ఆ అమ్మాయి సినిమా చూస్తుంటుంది, నొక్కేద్దామనిపిస్తుంది. నొక్కకు. లేచి వెళ్లి తలుపు కొట్టు. లోపలి గదుల్లో సెల్ సిగ్నల్ సరిగ్గా అందని ఇళ్లలో మామూలు కాల్ కూడా వైఫై మీదే పోతుంది, వైఫై కాలింగ్ అని. నువ్వు నెట్ ఆపిన ఆ గంటలోనే వాళ్లమ్మ ఫోన్ చేయొచ్చు. అందుకే వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, రూటర్ లోపలికి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఇద్దరికీ తెలియాలి. మొదటిరోజే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పెట్టుకోండి. పెట్టె మీద అచ్చేసి వచ్చినదాన్ని అలాగే ఉంచొద్దు. వైఫైకి కాపలా కాసే సెట్టింగ్‌లో డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపేసే డబ్ల్యూపీఎస్ ఆపేయండి.

కనెక్షన్ నీ ఆధార్ మీద వస్తోందని విన్నాను. అది నాకు కాస్త భయమే. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా బయటికి మీ కనెక్షన్ ఒక్కటే కనిపిస్తుంది. ఎవరు ఏ వెధవ పని చేసినా అడగడానికి ముందు నీ దగ్గరికే వస్తారు. వచ్చేపోయే వాళ్లకి గెస్ట్ నెట్‌వర్క్ అని విడిగా ఇంకో వైఫై పెట్టి, దాని పాస్‌వర్డ్ మాత్రమే ఇవ్వండి. ఈ మాట ఆ అమ్మాయితో కూడా ముందే, నవ్వుతూనే చెప్పు.

రూటర్ చెరి సగం వేసుకుని కొనకండి. విడిపోయేరోజున పెట్టెని రెండు ముక్కలు చేయలేరు. నువ్వు రూటర్ కొను, తనని మినీ యూపీఎస్ కొనమను, కరెంటు పోయినా పెట్టెల్ని నడిపే చిన్న బ్యాటరీ అది. ఎవరిది వాళ్లు పట్టుకెళ్తారు. యూపీఎస్ ఎందుకులే అనుకోకు, నేను చెప్పినవాటిలో ఒక్కటే చేస్తానంటే అదే చెయ్యి. కరెంటు పోయిన రాత్రి ఆడపిల్లలిద్దరూ ఎవరికీ అందకుండా ఉండటం నేను తట్టుకోలేను. అడాప్టర్ల మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. రెండూ ఫోటో తీసుకుని షాపుకెళ్లండి, ఓఎన్‌టీకీ రూటర్‌కీ రెండింటికీ కరెంటు అందాలి. ఉరుములు మొదలైతే అడాప్టర్లు గోడ నుంచి పీకేయండి. గాజుపోగులో కరెంటు పారదు గానీ, ప్లగ్గులోంచి వచ్చేది వస్తుంది.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. స్టూలు ఎక్కి చూడాల్సినవి నువ్వే చూద్దువుగాని, ఎక్కడ పెట్టాలో నేను చెబుతాను. గోంగూర పచ్చడి మీ ఇద్దరికీ చెరో సీసా తెస్తాను. ఆ అమ్మాయి వెల్లుల్లి తింటుందో లేదో అడిగి శుక్రవారంలోగా చెప్పు, తినకపోతే తనది విడిగా తాలింపు వేస్తాను.

నీ అత్తయ్య