స్థలం లేని బడిలో ఎకో క్లబ్ ఎలా నడపాలి?

"మల్కాజిగిరి దగ్గర ప్రైవేటు బడిలో టీచర్‌ని. ఈ ఏడాది ఎకో క్లబ్ నాకు అప్పగించారు. మూడంతస్తుల బిల్డింగు, గ్రౌండు లేదు, డబ్బులు ఇవ్వరు. ర్యాలీ, డ్రాయింగ్ పోటీ కాకుండా ఇంకేం చేయించొచ్చు?" అని అడిగారు. నేను హైదరాబాద్ నగరంలోనే ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. హరిత దళం, అంటే మా బడి ఎకో క్లబ్, బాధ్యత 11 ఏళ్లుగా నాదే. మీ ప్రశ్న చదవగానే నా మొదటి సంవత్సరం గుర్తొచ్చింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు క్యాలెండర్ చూడండి. పర్యావరణ దినోత్సవం జూన్ 5న. మన బడులు తెరిచేది మామూలుగా జూన్ 12న. ధరిత్రి దినోత్సవం ఏప్రిల్ 22న, అప్పటికి పరీక్షలు అయిపోయి పిల్లలు ఊళ్లకు బయల్దేరుతుంటారు. పెద్ద దినోత్సవాలు రెండూ పిల్లలు బడిలో లేనప్పుడో, ఉన్నా మనసు బడిలో లేనప్పుడో వస్తాయి. వాటిని నమ్ముకుంటే చివరికి మిగిలేది ఒక బ్యానరు, ఒక ఫొటో.

మొదటి ఏడాది నేను చేసిందీ అదే. అతిథులొచ్చారు, 60 మొక్కలు నాటాం. ప్రహరీ వెంట వరసగా, పైన కరెంటు తీగలున్నాయని కూడా చూసుకోకుండా. దసరా సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు లేరు. సంక్రాంతికి 7 మిగిలాయి, ఎండాకాలం సెలవులయ్యాక చూస్తే 2. జూన్‌లో ఏడో తరగతి పిల్లాడొకడు వచ్చి, "టీచర్, మళ్లీ అవే గుంతల్లో నాటుదామా, కొత్తవి తవ్వాలా?" అని అడిగాడు. వాడు అమాయకంగానే అడిగాడు. మొక్కలు నాటడమంటే ఏటా చనిపోయేవాటిని ఏటా నాటడం అని వాడికి అర్థమైంది. అది నేర్పింది నేనే కదా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి నాకు కుదిరిన పద్ధతి ఒకటే. ఏడాదికి ఒక్క విషయం తీసుకుంటాం. అది పిల్లలు నడిచి వెళ్లగలిగినంత దగ్గర్లో ఉండాలి, పిల్లల చేతులతో కొలవగలిగేదై ఉండాలి. కొలిచింది నోట్‌బుక్కులో రాయాలి. ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ గీయడం తప్పని అనను. కానీ ఆ ఎలుగుబంటి కోసం మన ఆరో తరగతి పిల్ల చేయగలిగేది ఏమీ లేదు. కారుతున్న నల్లా కోసం చేయగలిగేది ఉంది.

నల్లాతోనే మొదలుపెట్టమని మీకు నా సలహా, ఎందుకంటే దానికి స్థలం అక్కర్లేదు. మా పిల్లలు కారుతున్న నల్లా కింద 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు పెట్టి గడియారం చూశారు. 12 నిమిషాల్లో నిండింది. అంటే గంటకు లీటరు, రోజుకు 24 లీటర్లు. బడి మొత్తం తిరిగితే అలాంటివి 5 దొరికాయి. రోజుకు 120 లీటర్లు. మన బస్తీల్లోకి వచ్చే ట్యాంకరు 5,000 లీటర్లు. 42 రోజులకు ఒక ట్యాంకరు మన బడి నుంచే మోరీలోకి పోతోందని బోర్డు మీద లెక్క వేసి చూపించింది ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి. ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడిన పిల్లలకు ఆ లెక్క ఎంత గట్టిగా తగులుతుందో ఊహించుకోండి. హెచ్‌ఎం సార్‌కు నోట్‌బుక్కు చూపించారు, మర్నాడే ప్లంబర్ వచ్చాడు. వాషర్లకు వంద రూపాయలు కూడా కాలేదు.

గేటు ముందు రోడ్డు మీద పైపు లీకు మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. తెలుగు పరీక్షలో లేఖారచన ప్రశ్న వస్తుంది కదా, "మీ వీధిలోని సమస్య గురించి అధికారికి లేఖ రాయండి" అని. ఏటా పిల్లలు లేని వీధికి లేని ఉత్తరం రాస్తారు. ఈసారి నిజంగానే రాయిద్దామని తెలుగు టీచర్‌తో మాట్లాడాను. రోజుకు ఎంత నీరు పోతోందో అంకెలతో సహా రాసి పంపారు. రెండు వారాలు జవాబు లేదు. ఇంకో ఉత్తరం రాశారు. మూడో వారంలో మనుషులొచ్చి గుంత తవ్వి బాగుచేశారు. పిల్లలు గేటు ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు, ఆ పీరియడ్ పాఠం జరగలేదు, నేను జరపలేదు.

చెత్త సంగతికొస్తే, పిల్లలకు మనమే అన్నీ చెప్పాలనుకోవడం పొరపాటని నాకు అర్థమైంది అక్కడే. ఒక వారం పాటు క్లాసులో పడిన చెత్తంతా వేరుచేసి, కిరాణా కొట్టు నుంచి తెచ్చిన తక్కెడలో తూచాం. మా క్లాసులో ఒక అమ్మాయి వాళ్ల నాన్నది పాత సామాన్ల కొట్టు. ఎప్పుడూ చివరి బెంచీలో మాట్లాడకుండా కూర్చునేది. ఆ రోజు ముందుకొచ్చి ఒక్కొక్క కవరు చేత్తో నలిపి, శబ్దం విని చెప్పడం మొదలుపెట్టింది. పాల కవర్లు కొంటారు, నీళ్ల సీసాలు కొంటారు, మూతలు వేరుగా తీసుకుంటారు. లోపల వెండిలా మెరిసే చిప్స్ కవర్లు మాత్రం ఎవరూ కొనరు, ప్లాస్టిక్, రేకు అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి వాటిని విడదీయలేరట. ఇంత స్పష్టంగా నేను ఎప్పుడూ చెప్పలేదు. 2022 జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, అలంకరణ థర్మకోల్ వంటివి దేశమంతా నిషేధించారు, కానీ చిప్స్ కవరు ఆ జాబితాలో లేదు. మా తూకంలో సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువున్నవి అవే. బయటి నుంచి తెచ్చే ప్యాకెట్లు మానేసి శుక్రవారం పల్లీలు, బఠానీలు, ఉడికించిన శనగలు తెచ్చుకుందామని పిల్లలే తీర్మానించుకున్నారు. అందరూ పాటించలేదు, సగం మంది పాటించారు. మరుసటి నెల తూకంలో తేడా కనిపించింది. ఇక్కడ ఒక్క జాగ్రత్త: ఏ పిల్ల టిఫిన్ డబ్బా ప్లాస్టిక్‌దో, ఎవరి ఇంట్లో రెండు చెత్త బుట్టలు లేవో క్లాసులో అడిగి నిలబెట్టకండి. పేదింటి పిల్లలు సిగ్గుపడతారు, ఆ తర్వాత మనం చెప్పేది వాళ్లకు చేరదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది చెబుతాను. 2020 అక్టోబరు 13 రాత్రి వాన మీకు గుర్తుండే ఉంటుంది. మా బడి వెనక కాలనీలో నడుములోతు నీళ్లు వచ్చాయి, మా పిల్లల ఇళ్లలో బియ్యం, పుస్తకాలు తడిసిపోయాయి. రెండేళ్ల తర్వాత వాళ్లు ఏడో తరగతికొచ్చినప్పుడు ఒక ఇంటిపని ఇచ్చాను. మీ ఇంట్లో, వీధిలో అందరికంటే పెద్దవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఇళ్లు కట్టకముందు ఇక్కడ ఏముండేది? రాళ్లు అని కొందరు, జొన్నచేలు అని కొందరు రాసుకొచ్చారు. ఒక పిల్ల వాళ్ల నానమ్మ మాటలు యథాతథంగా రాసుకొచ్చింది. "ఈడ కుంట ఉండె బిడ్డా. మన గల్లీ ఉన్న కాడ మత్తడి దుంకుతుండె. సద్దుల నాడు బతుకమ్మలు అండ్లనే ఇడిసేది."

వరండాలో సుద్దముక్కతో కాలనీ పటం గీశాం. ముసలివాళ్లు చెప్పిన కుంటకు నీలిరంగు, మత్తడి (కుంట నిండాక నీళ్లు పొర్లే చోటు) నీళ్లు పారిన దారికి నీలి గీత. 2020లో నీళ్లొచ్చిన ఇళ్లకు ఎర్రటి చుక్క పెట్టమన్నాను. చుక్కలన్నీ ఆ నీలి గీత వెంట వరసకట్టాయి. పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకడు "నీళ్లు మా ఇంటికి రాలే టీచర్, వాటి తొవ్వల అవి పోయినయ్" అన్నాడు. ఒకటి నిండితే నీళ్లు కింది దానికి పారే గొలుసుకట్టు చెరువుల గురించి నేను ఇవ్వాలనుకున్న ఉపన్యాసం ఇక అవసరం పడలేదు.

అక్కడి నుంచి ఊరి పేర్ల మీదికి వెళ్లాం. హైదరాబాద్‌లో ఈ పని ఎంత చేసినా తరగదు. నల్లకుంట పేరులో కుంట ఉంది, గచ్చిబౌలిలో బౌలి, అంటే బావి ఉంది, బాగ్‌లింగంపల్లిలో బాగ్, అంటే తోట ఉంది. మాసబ్ ట్యాంక్ అసలు పేరు మా సాహెబా తలాబ్ అని ఒక అబ్బాయి వాళ్ల దాదీని అడిగి తెలుసుకొచ్చాడు. తలాబ్ అంటే చెరువు. అక్కడ తలాబ్ లేదు ఇప్పుడు, పేరే మిగిలింది. అంబర్‌పేటలో బతుకమ్మ కుంటను 2025లో మళ్లీ తవ్వి నీళ్లు నింపారు కాబట్టి, పోయినది తిరిగి రావచ్చు అని చూపించడానికి ఇప్పుడు ఒక చోటు కూడా ఉంది. వీలైతే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లండి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు, 1920లో ఒకటి, 1927లో ఒకటి. చెట్టు కాండం చుట్టూ పిల్లలు చేతులు కలిపి నిలబడితే ఆ 150 మంది వాళ్లకు అంకెలా అనిపించరు.

చెరువు దగ్గరికి, నాలా దగ్గరికి తీసుకెళ్తే మాత్రం తల్లిదండ్రుల సంతకం, పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి, నీటికి దూరంగా నిలబడటం తప్పనిసరి. వానాకాలంలో అసలు వద్దు.

వినాయక చవితికి మట్టి విగ్రహాలు అందరూ చేయిస్తారు, మీరూ చేయించండి. దానికి చిన్న ప్రయోగం కలపండి. ఒక బకెట్లో మట్టి ముద్ద, ఇంకో బకెట్లో అంతే పరిమాణంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్క వేసి క్లాసు మూలన పెట్టండి. మట్టి ఒక్క రోజులో కరిగి అడుక్కి చేరుతుంది. రెండోది దసరా సెలవులకు వెళ్లేటప్పుడూ అలాగే ఉంటుంది. మా దగ్గర అన్ని మతాల పిల్లలూ ఉంటారు కాబట్టి దీన్ని నీళ్ల ప్రయోగంగానే చెబుతాను. అందరూ ముందుకొస్తారు.

గ్రౌండు లేదని బాధపడుతున్నారు, కానీ చెట్టు బడి లోపలే ఉండాలని లేదు. వీధిలో ఉన్న చెట్టును ఒక్కో జట్టుకు ఒకటి ఇచ్చేయండి. వారానికోసారి రాయడమే పని. వేప ఎప్పుడు ఆకు రాల్చింది, ఉగాదికి పూత వచ్చిందా, కానుగ చిగురు ఎప్పుడు వేసింది, ఆ చెట్టు మీద ఏ పిట్ట వాలింది, ఎవరు మేకు కొట్టి బోర్డు తగిలించారు. మా పిల్లలు ఒక రావిచెట్టుకు 14 మేకులు లెక్కపెట్టి, కొట్ల వాళ్లను బతిమాలి వాటిలో 9 తీయించారు. మొక్కలు నాటాలనే ఉంటే జూలైలో నాటండి, ఏ మొక్క కింద ఏ ఇంటి పిల్ల మే నెలలో నీళ్లు పోస్తుందో నాటకముందే పేరు రాసుకోండి. పేరు దొరకని మొక్క నాటకండి. ఈ నియమం పెట్టుకున్నాక మేం ఏటా నాటేవి ఆరో ఏడో, అయినా మా వీధిలో ఇప్పుడు నీడ ఉంది.

మీ యాజమాన్యం "సిలబస్ పోతుంది" అంటే రెండు మాటలు చెప్పండి. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించమంది. ఇది అదనపు పని కాదు. రెండోది, ఎఫ్‌ఏల్లో (ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనాల్లో) ప్రాజెక్టు పనికి మార్కులు ఎలాగూ ఉన్నాయి. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి అంటించే ప్రాజెక్టుకు బదులు ఈ నోట్‌బుక్కే ప్రాజెక్టు అవుతుంది. నల్లా లెక్క గణితానికి, ఉత్తరం తెలుగుకు, పటం సాంఘిక శాస్త్రానికి. మిగతా టీచర్లు అందుకే నాతో కలిశారు. ఖర్చు నాలుగు నోట్‌బుక్కులు, ఒక కొలత టేపు, సుద్దముక్కలు.

ఈ వారం పెద్దవాళ్లను అడిగే ఆ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి చూడండి. పిల్లలు రాసుకొచ్చిన జవాబుల్లో కుంట, వాగు, బావి, మత్తడి అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే ఇక్కడ రాయండి. సఫిల్‌గూడ, మల్కాజిగిరి చుట్టుపక్కల నేను కొంత తిరిగాను, పటం గీసేటప్పుడు మా పిల్లల నోట్‌బుక్కుల నుంచి నాకు తెలిసింది పంచుకుంటాను.