సీరం దొరకనప్పుడు కుక్కకాటుకు టీకా ఒక్కటే సరిపోతుందా?
నిన్న మీ అబ్బాయి చేతిని కుక్క కరవగా రక్తం వచ్చిందని, దగ్గరి ఆరోగ్య కేంద్రంలో టీకా వేసి, సీరం కోసం పెద్దాసుపత్రికి వెళ్లమన్నారని, అంత దూరం వెళ్లే స్తోమత లేక టీకాతో సరిపెట్టవచ్చా అని అడిగారు. చర్మం చీలి రక్తం వచ్చిన కాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడో తరగతిలో, అంటే అత్యంత తీవ్రమైన వాటిలో, చేర్చింది; టీకా వల్ల శరీరంలో రేబిస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారవడానికి వారం పది రోజులు పడుతుంది కనుక, ఆలోపు రక్షణ కోసం గాయంలోకి, దాని చుట్టూ సీరం, అంటే ముందే తయారైన ప్రతిరక్షకాలుండే మందు (ఇమ్యునోగ్లోబ్యులిన్), ఎక్కించాలి. మొదటి టీకా వేసిన నాటి నుంచి 7 రోజుల లోపు దీన్ని ఇవ్వవచ్చు కాబట్టి మీకింకా గడువుంది. మనుషుల రక్తం నుంచి తీసినది ఖరీదైనది. గుర్రాల నుంచి తీసినది చాలా చవక, పనితీరులో తీసిపోదు కూడా, కనుక అదైనా ఉందో లేదో ముందే ఫోన్‌లో కనుక్కొని బయలుదేరండి. ఎక్కడా దొరక్కపోయినా టీకా మానకండి: గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, మిగతా మోతాదులన్నీ చెప్పిన తేదీలకే వేయిస్తే చాలావరకు రక్షణ లభిస్తుంది. నిన్న అలా కడగకపోతే ఇప్పుడైనా కడగండి. కుక్కను 10 రోజులు గమనించండి గాని, అది ఏమవుతుందో చూద్దామని చికిత్సను వాయిదా వేయకండి.