గౌట్ ఉంటే పంటి డాక్టరుకు ఏం చెప్పాలి?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. గౌట్‌కు రోజూ అల్లోప్యూరినాల్, నొప్పి లేచినప్పుడు కాల్చిసిన్ వేసుకుంటాను. దవడ పన్ను పీకాలన్నారు. మందులు ఆపాలా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: అల్లోప్యూరినాల్ ఆపకండి. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే స్ఫటికాలుగా మారి కీళ్లలో పేరుకుంటుంది. మందుతో దాన్ని 6 లోపు ఉంచుతున్నారు. మధ్యలో మానేస్తే స్థాయి మళ్లీ పైకెక్కి బొటనవేలు మంటెత్తుతుంది.

జాగ్రత్త పడాల్సింది కొత్తగా రాసే మాత్రల దగ్గర. పెన్సిలిన్ పడనివారికి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తుంటారు. అదీ, ఎరిత్రోమైసినూ కాల్చిసిన్‌ను ఒంట్లోంచి బయటికి పోనివ్వవు. దాంతో మామూలు మోతాదే విషమవుతుంది. మొదట వాంతులు, నీళ్ల విరేచనాలు; ఆ తర్వాత కండరాలు, ఎముక మజ్జ దెబ్బతింటాయి. కిడ్నీలు బలహీనంగా ఉంటే ప్రాణం మీదికే వస్తుంది. ఇక అల్లోప్యూరినాల్ వాడేవారికి అమాక్సిసిలిన్ ఇస్తే దద్దుర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. వాడకూడదని కాదు, దద్దు కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.

పంటినొప్పికి నీళ్లలో కరిగించి తాగే కీటోరోలాక్ మాత్ర మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు. గౌట్ ఉన్నవారిలో చాలామందికి కిడ్నీ సమస్య కూడా ఉంటుంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూడకుండా అది వేసుకోవద్దు. లివర్ జబ్బు లేకపోతే పారాసెటమాల్ 650 చాలు, ఆరేడు గంటలకొకటి. గుండెకు 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వాడుతుంటే, యూరిక్ యాసిడ్ పెంచుతుందని మీ అంతట మీరు ఆపొద్దు. పన్ను పీకిన చోట గాజ్ (పలచటి నూలు గుడ్డ) ముక్క పెట్టి అరగంట గట్టిగా కొరికి పట్టుకుంటే రక్తం ఆగుతుంది.

‘ఇరవై నాలుగు గంటలు పుక్కిలించొద్దు’ అంటే కొందరు నీళ్లు తాగడమే మానేస్తారు. ఒళ్లు ఎండిపోతే గౌట్ లేస్తుంది. స్ట్రా లేకుండా గ్లాసుతో తాగండి. నమలలేమని పండ్లరసాలు, కూల్‌డ్రింకుల మీద ఉండటమూ పొరపాటే. వాటిలోని ఫ్రక్టోజ్ యూరిక్ యాసిడ్ పెంచుతుంది. పలచటి మజ్జిగ, చల్లారిన రాగి జావ, మెత్తటి పెరుగన్నం మేలు.

ప్రశ్న: అమ్మకు మోకీళ్లు అరిగాయి. రెండు నెలల్లో మార్పిడి ఆపరేషన్. వేళ్లు కూడా బిగుసుకుపోయి బ్రష్ పట్టుకోలేకపోతోంది.
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పళ్లు ఇప్పుడే చూపించండి. చీము ఉన్న పన్ను ఏదైనా ఉంటే ఆపరేషన్‌కు ముందే తేల్చేయాలి. పీకిన చోట చిగురు పూడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొత్త కీలు వేశాక పంటి పనికి వెళ్లిన ప్రతిసారీ యాంటీబయాటిక్ వేసుకోవాల్సిన అవసరం చాలామందికి లేదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2015లో ఇదే చెప్పింది. రోగనిరోధక శక్తి తగ్గినవారు, ఇదివరకు కీలులో ఇన్ఫెక్షన్ వచ్చినవారు మాత్రం ఎముకల డాక్టరును అడగాలి.

ఎముకలు గుల్లబారినందుకు మందేమైనా వాడారా అని అమ్మగారిని గుచ్చి గుచ్చి అడగండి. కీళ్ల అరుగుదల, ఎముకలు గుల్లబారడం వేరు వేరు జబ్బులు. మనవాళ్లు రెంటినీ ‘అరిగిపోయాయి’ అనే అంటారు. రెండోదానికి వారానికొక అలెండ్రోనేట్ మాత్రో, ఏడాదికొక జోలెడ్రానిక్ యాసిడ్ ఇంజెక్షనో ఇస్తారు. ఏడాదికోసారి కాబట్టి ఎవరికీ గుర్తుండదు. అవి వాడినవారికి పన్ను పీకితే, అరుదుగానైనా, దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోతుంది.

బ్రష్ పిడికి సైకిల్ హ్యాండిల్ గ్రిప్పు తొడిగి చూడండి. లావుగా ఉంటే వేళ్లు ముడవక్కర్లేదు. పిడి వదులుగా ఉంటే లోపల గుడ్డ కుక్కండి. బ్యాటరీ బ్రష్ ఇంకా సులువు. పొద్దున లేవగానే ఉండే బిగుతు సాధారణంగా అరగంటలో సడలుతుంది, కాబట్టి పదకొండు గంటల ప్రాంతంలో అపాయింట్‌మెంట్ తీసుకోండి. కుర్చీలో మోకాళ్ల కింద దిండు పెట్టించి, పావుగంటకోసారి కాళ్లు కదిలించుకోనివ్వమనండి.

ప్రశ్న: ఆవలిస్తే దవడ ‘టక్’మంటుంది. అరిగిందా?

జవాబు: నొప్పి లేకుండా ఒక్క టక్ మాత్రమే వస్తుంటే వదిలేయండి. ఇసుక నమిలినట్టు కరకరమని, నొప్పితో, నోట్లో నిలువుగా మూడు వేళ్లు పట్టకపోతే ఎక్స్‌రే తీయించుకోవాలి.