బైబిలు రోజూ చదువుతున్నా లోపల చీకటిగానే ఉంటే: నాకు జరిగింది

వందనాలు. రోజూ బైబిలు చదువుతున్నాను, ఆదివారం ఆరాధన తప్పడం లేదు, అయినా లోపల చీకటిగానే ఉంది, దేవుని వెలుగు నా బతుకులోకి రావాలంటే ఇంకేం చేయాలి అని అడిగారు. ఐదేళ్లు నేను దేవుణ్ణి అడిగిన ప్రశ్న ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. రష్యా నుంచి వచ్చి 1890 ప్రాంతంలో నల్లగొండలో సువార్త పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతుల గురించి మా నాయనమ్మ తన పెద్దల దగ్గర విన్నది మాకు చెప్పేది. తర్వాత మా వైపు మెన్నొనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టంటు శాఖ సంఘాలు పెరిగాయి, మా ముత్తాత అందులోనే బాప్తిస్మం తీసుకున్నాడు. నాలుగు తరాల విశ్వాసులమని నాకు గొప్పగా ఉండేది. భూమి వారసత్వంగా విరాసత్ అయినట్టు విశ్వాసం నా పేరు మీదికి మారదని చాలా ఆలస్యంగా తెలిసింది.

నాయన నాలుగెకరాలు, ఒక బోరు వదిలి పోయాడు. నాకూ తమ్ముడికీ చెరి రెండెకరాలు. బోరు నా వంతులో పడింది. "దినం విడిచి దినం ఇద్దరు పారించుకోండ్రి" అన్నది నాయన మాట. తమ్ముడు ఎకరంన్నర బత్తాయి పెట్టాడు. బత్తాయి నాలుగైదేళ్లకు గానీ కాపుకు రాదు, అన్నాళ్లూ పిల్లల్ని సాకినట్టు సాకాలి. 2015 కరువు తర్వాత వచ్చిన యాసంగిలో బోరు ఆగాగి పోయడం మొదలైంది. నా వరి ఎండుతుందని మోటరు వేసే స్టార్టర్ డబ్బాకు తాళం వేశాను. తమ్ముడు వచ్చి అడిగాడు. "బోరు నా చేన్ల ఉంది" అన్నాను. కొట్లాట కూడా జరగలేదు. వాడు నా ముఖం చూసి వెనక్కి తిరిగి పోయాడు. మొదటి కాపుకు వచ్చిన చెట్లు ఆ ఎండాకాలం నిలువునా ఎండాయి. వాటిని కొట్టించి కట్టెలకు అమ్మి, మిగిలిన అప్పుతో పెండ్లాం పిల్లల్ని తీసుకొని పట్నం పోయాడు. అక్కడ సెంట్రింగ్ పని.

ఆ ఐదేళ్లూ నేను సంఘంలో పాటలు ఎత్తుకున్నాను, దశమ భాగం ఇచ్చాను, ఉపవాస కూడికల్లో కూర్చున్నాను. తమ్ముడి పేరు మాత్రం ప్రార్థనలోకి రానిచ్చేవాణ్ణి కాదు. ఒకవేళ వస్తే, నాయన దవాఖాన ఖర్చులో వాడు ఎంత ఇచ్చాడు, ఎంత ఎగ్గొట్టాడు, అదే లెక్క.

2021లో ఒక ఇంటి కూడికలో మా పాస్టరు అయ్యగారు నన్ను యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయం చదవమన్నారు. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే. తొమ్మిదో వచనానికి వచ్చాను: "వెలుగులో ఉన్నానని చెప్పుకొనుచు, తన సహోదరుని ద్వేషించువాడు ఇప్పటివరకును చీకటిలోనే యున్నాడు." 'ఇప్పటివరకును' అన్న దగ్గర గొంతు పట్టేసింది. కళ్లతో చదువుకుంటూ పోయినప్పుడు ఆ మాట నన్ను ఎప్పుడూ ఆపలేదు. నలుగురి మధ్య నా నోటితో పలికేసరికి ఆపేసింది. గొంతు ఎండిందనుకొని ఎవరో గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చారు. ఆ నీళ్లు తాగలేకపోయాను.

వెలుగు అంటే శాంతి, సంతోషం అనుకొని అన్నేళ్లు అడిగాను. అది వచ్చింది, వచ్చీ రాగానే నాకు చూపించింది ఆ స్టార్టర్ డబ్బా తాళం.

తర్వాత మత్తయి ఐదో అధ్యాయం తీశాను. అర్పణం విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమనే చోట, "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను" కలదనే రాసి ఉంది. వాడి మీద నాకేముందో దేవుడు అడగడం లేదు. నామీద వాడికి ఏముందో అడుగుతున్నాడు. ఆ లెక్క నేను ఒక్కసారీ వేయలేదు.

అయినా వెంటనే పోలేదు. మూడు వారాలు తటపటాయించాను. నష్టం కట్టమంటే? ముఖం మీద తలుపేస్తే? అప్పుడు నూట పంతొమ్మిదో కీర్తనలో "నీ వాక్యము నా పాదములకు దీపమును" అన్న మాట పట్టుకుంది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చింది గానీ, అంతకుముందు మా రైతులకు రాత్రిళ్లు మోటరు వేయడానికి పోవడం మామూలే. నాయన కందీలు పట్టుకొని పోయేవాడు. దాని వెలుతురు రెండడుగులు. పాముందా, వైరు తెగి పడిందా చూసుకుంటూ నడిచేవాడు. బోరు దాకా కనిపిస్తే గానీ కదలనని ఇంట్లో కూర్చున్న రాత్రి నాకు గుర్తు లేదు. నేనూ ఆ రెండడుగులే చూసుకొని మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా పట్నం పోయే బస్సెక్కాను.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా నీకు?" అన్నాడు తమ్ముడు.

"తప్పు నాదిరా. నీ చెట్లు నేనే ఎండబెట్టిన" అన్నాను. దారి పొడుగునా అనుకున్న మాటలు ఇంకా ఉన్నాయి గానీ ఏవీ రాలేదు.

చాలాసేపటికి "చెట్లు మళ్ల రావన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. తాళంచెవి ఇస్తే తీసుకోలేదు. మరదలు బయటికే రాలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి వాడి పేరు, వాడి పిల్లల పేర్లు పెట్టి ప్రార్థన చేశాను. దేవుడు వింటున్నాడని ఐదేళ్ల తర్వాత మళ్లీ తెలిసింది.

మీకు నేను చెప్పేది, ఇంకో నాలుగు అధ్యాయాలు ఎక్కువ చదవమని కాదు. కొన్ని వచనాలే, గొంతెత్తి చదవండి. చదివాక "నామీద ఎవరికి ఏముంది ప్రభువా" అని అడిగి కాసేపు ఊరుకోండి. వచ్చిన పేరును తోసేయకండి. ఒకవేళ అన్యాయం జరిగింది మీకే అయితే నా కథ మీకు సరిపోదు. అవతలివాళ్లు మారకుండానే వెళ్లి రాజీపడమని నేను అననే అనను. నిద్ర పట్టక, ఆకలి లేక, బతకాలనే లేకుండా ఉంటే ఇవాళే ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కానే కాదు.

తమ్ముడు రెండేళ్లకు క్రిస్మస్ పండుగకు ఊరికొచ్చాడు. వెళ్లేటప్పుడు తాళంచెవి అడిగి తీసుకున్నాడు. నిరుడు వానాకాలం మళ్లీ ఎకరం బత్తాయి పెట్టాడు, మొక్కల ఖర్చు సగం నేను పెట్టుకున్నాను. మరదలు ఇంకా మా ఇంట్లో అన్నం ముట్టలేదు. ఆమె కోసం నేనూ నా భార్యా రోజూ ప్రార్థన చేస్తున్నాం. రేపు నీళ్ల వంతు వాళ్లది. వాడు పట్నంలో పని మీద ఉన్నాడు, పొద్దున్నే మోటరు నేనే వేసి రావాలి.