కుళాయిల మీద పేరుకునేది ఉప్పు కాదు

బాచుపల్లిలో కొత్త ఫ్లాటులోకి మారి ఏడాది తిరగకుండానే గీజరు రెండుసార్లు పాడైందనీ, కుళాయిలన్నీ తెల్లబడిపోయాయనీ, తలస్నానం చేస్తే జుట్టు పీచులా అవుతోందనీ రాశారు. డెబ్బయి వేలు పోసి నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పెట్టించుకోవాలా అని మీ ప్రశ్న. పక్కనే నిజాంపేటలో తొమ్మిదేళ్లుగా బోరు నీళ్లతో కాపురం చేస్తున్నవాడిగా నా జవాబు: ఇప్పుడే వద్దు.

ముందు ఒక మాట. హైదరాబాదులో మనమంతా దీన్ని ‘ఉప్పు పట్టడం’ అంటాం. ఉప్పయితే రెండు చెంబుల నీళ్లు పోస్తే కరిగిపోవాలి కదా! అది సున్నం. ఈ ఊరి కింద ఉన్నదంతా గ్రానైటు. వాన నీరు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కరిగించుకుంటుంది. చల్లగా ఉన్నంతసేపు అవి నీళ్లలో కంటికి కనబడకుండా ఉంటాయి. కాగితే మాత్రం అందులోని కాల్షియం బైకార్బనేటు విడిపోయి, కార్బన్ డయాక్సైడ్ పైకి పోయి, సున్నపురాయి అడుగున మిగులుతుంది. అందుకే వేడి తగిలే చోట, నీటి చుక్క ఆరిపోయే చోట మాత్రమే ఈ బెడద. ఇది అర్థమయ్యాక నా ఖర్చు సగానికి తగ్గింది.

మా గీజరు మూడో ఏడు నుంచి కాగేటప్పుడు టపటపమని చప్పుడు చేసేది. మెకానిక్ వచ్చి కింది ప్లేటు విప్పగానే బకెట్‌లోకి గుడ్డు పెంకుల్లాంటి ముక్కలు గలగలా రాలాయి. కాయిలు మీద వేలెడు మందాన తెల్లటి పొర. అంత పొరను దాటి వేడి నీళ్లకు చేరాలి, కరెంటు బిల్లు ఎందుకు పెరగదు? ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ కూడా ఉంటుంది లోపల. మాది అరిగి అరిగి తీగలా మిగిలింది. ఆ కడ్డీ మార్చి, లోపల శుభ్రం చేయించడానికి మజూరీతో కలిపి పదకొండు వందలు అయింది. అప్పటి నుంచి ఏటా దసరాకు ముందు ఈ పని చేయిస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యం, నీళ్లు ఎంత వేడెక్కాలో నిర్ణయించే థర్మోస్టాట్‌ను 75 డిగ్రీల నుంచి 55కు తగ్గించాను. స్నానానికి అది చాలు, పైగా సున్నం పేరుకోవడం బాగా తగ్గుతుంది. ఆరేళ్లయింది, అదే గీజరు నడుస్తోంది.

వంటింటి సంగతి మా అమ్మ తేల్చింది. రాజమండ్రి నుంచి వచ్చిన మొదటి రోజు కుక్కరులో కందిపప్పు పెడితే, ఎనిమిది కూతలు కూసినా బద్దలు బద్దలుగానే ఉంది. పప్పు అమ్మిన కొట్టువాడిని కాసేపు తిట్టింది. మర్నాడు అదే పప్పును మంజీరా నీళ్లతో పెడితే నాలుగు కూతలకే వెన్నలా మెదిగింది. (కృష్ణా నుంచి వచ్చినా, గోదావరి నుంచి వచ్చినా ఈ ఊళ్లో కుళాయి నీళ్లన్నీ మంజీరాయే.) పప్పు గింజను అతికించి ఉంచే జిగురు లాంటి పెక్టిన్‌ను కాల్షియం బిగబట్టి మెత్తబడనివ్వదు. కాబట్టి మంచినీళ్లు ఎన్ని బిందెలు వచ్చినా తాగడానికీ పప్పుకూ టీకీ వాటినే వాడండి.

మీరు కొనవలసింది సాఫ్ట్‌నర్ కాదు, ముందు నీటి కాఠిన్యాన్ని, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో కొలిచే చుక్కల పరీక్ష కిట్టు. కొన్ని వందల్లో దొరుకుతుంది. గాజు సీసాలో కొద్దిగా నీళ్లు పోసి రంగు పొడి వేస్తే ద్రాక్షరసంలా ఎర్రబడుతుంది. అది నీలంగా మారేదాకా మందు చుక్కలు లెక్కపెట్టడమే. నా కిట్టులో ఒక్కో చుక్కకు లీటరుకు 25 మిల్లీగ్రాముల కాఠిన్యం లెక్క. కుళాయి నీళ్లకు 6 చుక్కలు పట్టాయి, అంటే 150. బోరుకు 21 చుక్కలు, అంటే 525. మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణంలో కోరదగిన పరిమితి 200, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు.

టీడీఎస్ మీటరు చూపించి సాఫ్ట్‌నర్ అమ్మేవాళ్లు వస్తారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి, అందులో సున్నం వాటా ఎంతో ఆ మీటరు చెప్పదు. ఇంకొకాయన మా ఇంట్లో గ్లాసు నీళ్లలో రెండు కడ్డీలు ముంచి కరెంటు ఇచ్చి, నీళ్లు గోధుమ రంగుకు తిరిగితే “చూశారా సార్, ఇదే మీరు తాగుతున్నది” అన్నాడు. ఆ రంగు కడ్డీలోని ఇనుముది. షవరుకు తగిలించే రెండు వేల ఫిల్టరు నేనూ కొన్నాను. దాని ముందు 21 చుక్కలు, దాని తర్వాతా 21 చుక్కలే.

నిజమైన సాఫ్ట్‌నర్ అంటే రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థపు గుళికలున్న డబ్బా. అది కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది. టీడీఎస్ ఇంచుమించు ఉన్నంతే ఉంటుంది, అది చూసి మోసపోయామని గొడవపడకండి. కానీ 525 కాఠిన్యం ఉన్న బోరు నీటిని పూర్తిగా మెత్తబరిస్తే లీటరుకు దాదాపు 240 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. తాగడానికి వద్దు, బీపీ ఉన్నవాళ్లకు అసలే వద్దు, మొక్కలకూ వద్దు. మా అపార్టుమెంటులో నలభై ఫ్లాట్లు కలిసి ఇంటికి నాలుగు వేల చొప్పున వేసుకుని బోరు లైనుకు ఒకటి పెట్టించాం. రెండో నెలలోనే కుళాయిలు మళ్లీ తెల్లబడ్డాయి. తీరా చూస్తే వాచ్‌మన్ ఊరెళ్లాడు, ఉప్పు బస్తా మూట విప్పకుండా మూలనే ఉంది. ఆ రెజిన్‌ను రెండు మూడు రోజులకోసారి ఉప్పు నీటితో కడగకపోతే అది ఉత్త డబ్బా. ఇప్పుడు ఎవరి వంతు ఎప్పుడో లిఫ్టు పక్కన కాగితం అంటించాం, సజావుగా నడుస్తోంది. విడిగా డెబ్బయి వేలు పెట్టేకంటే మీ అసోసియేషన్‌ను ఒప్పించడం మేలు. ఒప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు, మాకు పదకొండు నెలలు పట్టింది.

పేరుకున్నదాన్ని వదిలించడానికి బాత్‌రూమ్ యాసిడ్ జోలికి పోకండి. నేను పోసి ఒక కొత్త కుళాయి మెరుపు పొట్టు పొట్టుగా ఊడగొట్టుకున్నాను. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు కూడా వస్తుంది. లీటరు వేడి నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, పాలిథిన్ సంచిలో పోసి, షవరు ముఖం మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి గంట ఉంచితే చాలు. మార్బుల్ మీద మాత్రం పడనివ్వకండి. మార్బుల్ కూడా సున్నపురాయే, దాన్నీ తినేస్తుంది.

జుట్టు సంగతికొస్తే, కఠిన జలంలో సబ్బు కరగక జిడ్డులా వెంట్రుకలకు అంటుకుని గరుకుగా చేస్తుంది. చివరి రెండు చెంబులు మంజీరా నీళ్లు పోసుకుంటే తేడా ఆ రోజే తెలుస్తుంది. కుదుళ్లతో ఊడుతుంటే మాత్రం నీళ్లను తిట్టుకుంటూ కూర్చోకుండా చర్మ వైద్యుడికి చూపించండి.

మీ బోరుకు ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టి ఇక్కడే రాయండి. అసోసియేషన్ మీటింగులో ఏ రకం చూడాలో, ఏ ప్రశ్నలు అడగాలో అప్పుడు చెబుతాను.