నాలుగున్నర లక్షలంటే నామోషీ ఎందుకు మాస్టారూ?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. ప్రభుత్వ బడిలో స్కూల్ అసిస్టెంట్‌ని. కటింగులు పోను చేతికి 75 వేలు వస్తుంది. మూడెకరాల కొబ్బరి తోట ఉంది. అమ్మాయి భీమవరంలో ఈసీఈ ఆఖరి సంవత్సరం, బాబు ఇంటర్ రెండో సంవత్సరం. అమ్మాయికి క్యాంపస్‌లో 4.5 లక్షల ప్యాకేజీతో ఉద్యోగం వచ్చింది, చేరతానంటోంది. మా వీధిలో సగం ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఈ ప్యాకేజీ ఊళ్లో చెప్పుకోవాలంటే నామోషీగా ఉంది. మాలాంటి దిగువ మధ్యతరగతి వాళ్లకు ఈడబ్ల్యూఎస్ (ఓసీ పేదల కోటా) సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు. ఒక ఎకరం అమ్మి ఎంఎస్‌కు పంపుదామనుకుంటున్నాను. ఏమంటారు?
– ఒక తండ్రి, కోనసీమ

జవాబు: మాస్టారూ, ఎంఎస్ సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరంలో ‘దిగువ మధ్యతరగతి’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎకరం అమ్మాలన్న ఆలోచన అక్కడే పుట్టిందని నా అనుమానం. ముందు ఆ మాట నిజమో కాదో లెక్క చూద్దాం.

కేంద్ర గణాంక శాఖ 2023-24లో ఇంటి ఖర్చుల మీద సర్వే చేసింది. దేశంలోని పల్లెల్లో మనిషికి నెలకు సగటున అయ్యే ఖర్చు 4,122 రూపాయలని తేలింది. మన రాష్ట్రంలో పల్లెల సగటు 5 వేలు దాటింది. మరి అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే పై 5 శాతం మంది సంగతి? వాళ్ల సగటు 10 వేల పైచిలుకు, అంతే. మీ ఇంట్లో నలుగురు. అమ్మాయి హాస్టలు, బాబు కాలేజీ ఫీజు, బండి పెట్రోలు, కరెంటు బిల్లు, పండగ బట్టలు అన్నీ కలిపితే నెలకు 41 వేలు దాటుతోందా? దాటుతుంటే మీరు దిగువనా లేరు, మధ్యలోనూ లేరు. దేశంలోని పల్లెల్లో నూటికి తొంభై అయిదు మంది మీకంటే తక్కువ ఖర్చుతో ఇల్లు నడుపుకుంటున్నారు.

సర్వే లెక్కల్ని పూర్తిగా నమ్మాలా అని మీరు అడగొచ్చు. రొయ్యల చెరువులున్న ఆసామి తన అసలు లెక్క సర్వేవాళ్లకు చెబుతాడని నేనూ అనుకోను. బాగా డబ్బున్నవాళ్ల ఖర్చు ఇలాంటి సర్వేల్లో తక్కువే పడుతుంది. దాన్నిబట్టి మీ స్థానం కొంచెం కిందికి జరగొచ్చేమో కానీ, పైనుంచి మధ్యలోకి వచ్చిపడదు. ఇంకో లెక్క కావాలంటే, 2022-23లో ఆదాయపు పన్ను రిటర్నులు వేసిన 7.4 కోట్ల మందిలో 5.16 కోట్ల మంది కట్టాల్సిన పన్ను సున్నా. మొన్నమొన్నటిదాకా ఫిబ్రవరి జీతంలో పన్ను కోత చూసి విసుక్కున్న మీరు, ఈ దేశంలో పన్ను కట్టిన ఆ కొద్దిమందిలో ఒకరు.

ఈడబ్ల్యూఎస్ విషయానికొస్తే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. అందులో జీతం, వ్యవసాయం అన్నీ కలుస్తాయి. చేతికొచ్చే జీతమే మీకు 9 లక్షలు. నిజానికి ఆ 8 లక్షల గీత మరీ ఎత్తులో గీశారని, దేశంలో చాలామంది దాని కిందికే వస్తారని విమర్శ ఉంది. అంత ఎత్తు గీతకు కూడా మీరు పైన ఉన్నారు. తహసీల్దారు మీద కోపం పెట్టుకోకండి.

మరి పేదవాళ్లమన్న భావన ఎందుకొస్తుంది? స్టాఫ్ రూమ్‌లో మీ పక్కన కూర్చునే వాళ్లందరికీ కాస్త అటూ ఇటూగా మీ జీతమే. రోజూ చూసే జీతం కాబట్టి అదే అందరికీ ఉండే మామూలు జీతం అనిపిస్తుంది. అదే బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడకు నెలకు 3 వేల గౌరవ వేతనం. ఆవిడనూ మీరు రోజూ చూస్తారు, కానీ పోలిక ఆవిడతో పెట్టుకోరు. పక్క ఊరి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్ల జీతాలూ మీకు తెలియనివి కావు. మనం కంటికి కనిపించే అందరితో పోల్చుకోం మాస్టారూ. మనవాళ్లు అనుకున్న పదిమందితో, వాళ్లలోనూ మనకంటే ఒక మెట్టు పైనున్నవాళ్లతో పోల్చుకుంటాం.

ఇది మన జిల్లాకే ఉన్న జబ్బు కాదు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ పరిసరాల్లో ముగ్గురు ఆర్థికవేత్తలు ఇంటింటికీ వెళ్లి, ఆదాయంలో మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారనుకుంటున్నారని అడిగారు. ఆ పరిశోధన 2013లో అచ్చయింది. ఉన్నవాళ్లు చాలామంది తమ స్థానాన్ని అసలుకంటే కిందికి, లేనివాళ్లు చాలామంది పైకి ఊహించుకున్నారు. అందరూ మధ్యకు జరిగి కూర్చున్నారన్నమాట.

ఇందులో లేనివాళ్ల పొరపాటే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది, కాబట్టి మీ దారి నుంచి ఒక నిమిషం పక్కకు వెళ్తాను. మీ బడి పిల్లల తల్లిదండ్రుల్లో కొబ్బరి ఒలుపు కూలీలు, కౌలు రైతులు, నరసాపురం వైపైతే లేసు అల్లే ఆడవాళ్లు ఉంటారు. ‘మాకేం, అందరిలాగే ఉన్నాం, సాయం అడగాల్సినంత లేనివాళ్లం కాదు’ అనే ఇళ్లు వాళ్లలో బోలెడు. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు మన దేశంలో గుర్తింపున్న కాలేజీల్లో వృత్తి, సాంకేతిక కోర్సులకు విద్యారుణం తీసుకుంటే, చదువుకునే కాలానికి వడ్డీ కేంద్రమే కట్టే పథకం ఉంది. దానికి అర్హులమని వాళ్లకు తట్టదు. మీరు చెబితే వింటారు, దయచేసి చెప్పండి.

ఇక అమ్మాయి ప్యాకేజీ. 4.5 లక్షలంటే పీఎఫ్ వగైరా పోను చేతికి నెలకు 32, 33 వేలు రావచ్చు. 2023-24 కార్మిక సర్వేలో దేశంలో నెలజీతం మీద పనిచేసేవాళ్ల సగటు సంపాదన సుమారు 20 వేలు. అందులో పాతికేళ్ల సర్వీసున్నవాళ్లూ కలిసే ఉన్నారు. ఇరవై రెండేళ్ల పిల్ల మొదటి జీతంతోనే ఆ సగటు దాటుతోంది. హైదరాబాదులో హాస్టలు, తిండి పోను ఏం మిగులుతుందన్నది వేరే ప్రశ్న, పెద్దగా మిగలదు. కానీ నామోషీ పడాల్సిన అంకె మాత్రం కాదు.

వీధిలో అమెరికా పిల్లల సంగతి చూద్దాం. మీకు కనిపించేది సంక్రాంతికి వచ్చినవాళ్లు. అక్కడ ఉద్యోగం దొరక్క, వీసా టెన్షన్‌తో, టికెట్టుకు డబ్బుల్లేక ఆగిపోయినవాళ్లు ఏ పండగకూ కనిపించరు. వచ్చినవాళ్ల జీతాన్ని కూడా మీరు నేటి డాలరు రేటుతో గుణిస్తున్నారు. అక్కడి అద్దెలు, ధరలు లెక్కలోకి తీసుకుని ప్రపంచ బ్యాంకు కట్టే కొనుగోలు శక్తి లెక్కలో డాలరు మన 20 రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఆ లెక్కన లక్ష డాలర్ల జీతం అక్కడ ఇచ్చే బతుకు, ఇక్కడ 20 లక్షలతో వచ్చే బతుకు లాంటిది. మంచి జీతమే, కాదనను. కానీ 2023లో అమెరికా కుటుంబాల మధ్యస్థ ఆదాయమే 80,610 డాలర్లు. అంటే సగం కుటుంబాలు అంతకంటే ఎక్కువే సంపాదిస్తున్నాయి. ఇక్కడ వీధిలో రాజులా దిగే కుర్రాడు అక్కడ తన వీధిలో మామూలు ఉద్యోగి. అతనూ తన ఆఫీసులో పైమెట్టు వాళ్లను చూసి కుములుతుంటాడేమో, ఎవరికి తెలుసు!

నేను ఎంఎస్ వద్దనడం లేదు. ఎంఎస్‌కు 40 లక్షలవుతుందనుకుందాం. పైమెట్టులో ఉన్నంత మాత్రాన అంత భరించగలరని కూడా అనడం లేదు. మన పల్లెల్లో పై 5 శాతం అన్నది వినడానికి గొప్పగా ఉన్నా, డాలర్ల ఫీజుల ముందు అది చాలా పొట్టి నిచ్చెన. 40 లక్షల రుణానికి 11 శాతం వడ్డీతో పదేళ్ల వాయిదా నెలకు సుమారు 55 వేలు. చదివే కాలంలో పెరిగే వడ్డీ అదనం. అక్కడ ఉద్యోగం దొరికితే ఆమె సులభంగానే తీరుస్తుంది. దొరక్కపోతే మీ 75 వేల జీతంలోంచి కట్టాలి. అక్కడి కంపెనీల్లో పనిచేయడానికి ఇచ్చే కొత్త హెచ్1బి వీసాలు ఏడాదికి 85 వేలే, అదీ లాటరీ. చదువయ్యాక ఇంజనీరింగ్ వాళ్లకు మొత్తం మూడేళ్ల పని అనుమతి దొరుకుతుంది, ఆ తర్వాత అదృష్టం. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తాకట్టుకు ఒప్పుకోవు, బ్యాంకులు బాకీల వసూలుకు వాడే సర్ఫేసీ చట్టం కింద దాన్ని వేలం వేసే వీల్లేదు కాబట్టి. అందుకే మనవాళ్లు తెగనమ్ముతారు. అమ్మిన కొబ్బరి తోట మళ్లీ మీ చేతికి రాదు. బాబు పెద్ద చదువు ఇంకా మొదలే కాలేదు.

నా సలహా అడిగితే, అమ్మాయిని ఉద్యోగంలో చేరనివ్వండి. ఏడాదిన్నర, రెండేళ్లు పనిచేస్తే తనకు చిప్ డిజైనా, సాఫ్ట్‌వేరా, ఇంకేదైనానా తేలుతుంది. అప్పటికీ ఎంఎస్ కావాలంటే, ఇల్లు తాకట్టు పెట్టి తన పేరున రుణం తీసుకోవచ్చు. ఈలోగా గేట్ రాసి చూడమనండి. ర్యాంకు వచ్చి ఐఐటీలో ఎంటెక్ సీటు దొరికితే నెలకు 12,400 స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. బాబుకు కాలేజీ వెతికేటప్పుడు హోర్డింగుల మీది పెద్ద ప్యాకేజీని చూడకండి. కేంద్రం కాలేజీలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు ఇచ్చిన వివరాల్లో మధ్యస్థ జీతం అని ఉంటుంది, అంటే ఉద్యోగాలొచ్చిన పిల్లల్లో సరిగ్గా నడిమి పిల్లవాడికి వచ్చిన జీతం. ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో కూడా అక్కడే ఉంటుంది. అది చూడండి.

ఒక్క విషయం. ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మాయి ఉద్యోగంలో ఎందుకు చేరతానంటోందో మీరు రాయలేదు. అడిగి మళ్లీ రాయండి. అప్పటిదాకా ఆ ఎకరానికి ఎవరి దగ్గరా బయానా పుచ్చుకోకండి.