పార్లమెంటు ప్రశ్నలో ఒక మాట మారితే వచ్చే తేడా

పార్లమెంటులో ఎంపీలు అడిగే ప్రశ్నల వల్ల మన ఊరికి ఒరిగేదేమైనా ఉందా, నిధుల లెక్క తేల్చుకోవడానికి అలాంటి ప్రశ్న మనలాంటి వాళ్ళం అడిగించవచ్చా అని మీరు అడిగారు. తప్పకుండా అడిగించవచ్చు. కనిగిరి దగ్గర మా ఊరి తాగునీటి గురించి మేం రెండుసార్లు అడిగించాం. మొదటిసారి ఏమీ తేలలేదు, రెండోసారి తేలింది. తేడా అంతా ప్రశ్న రాసిన తీరులోనే ఉంది.

మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి ప్రకాశం జిల్లా అంతటికీ తెలుసు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. మా నాన్నకు యాభై దాటేసరికి మెడ పట్టేసింది. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిప్పలేక భుజాలతో సహా మనిషి మొత్తం తిరిగేవారు. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించినప్పుడు ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అంటే మేం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. మన రాష్ట్రంలో దాని ఖర్చు కేంద్రానిది సగం, రాష్ట్రానిది సగం. కొన్నాళ్ళకు మా వీధిలోకి పైపు వచ్చింది, ఇంటి గోడకు కుళాయి బిగించారు. నీళ్ళు మాత్రం రాలేదు. లోపల చీమలు పుట్ట పెట్టకుండా మా అమ్మ ఆ కుళాయి మూతికి పాలకవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంచింది.

నేను కనిగిరిలో అర్జీలు టైపు చేసే చిన్న దుకాణం నడుపుతాను. కాబట్టి ప్రశ్న రాసే పని నా మీదే పడింది. ఉన్న కోపమంతా అందులో పెట్టి రెండు పేజీలు రాశాను. ఒక పార్లమెంటు సభ్యుడి కార్యాలయంలో సహాయకుడు అది ఓపికగా చదివి, పెన్ను తీసి ‘నిర్లక్ష్యం’, ‘సిగ్గుచేటు’, ‘ఎవరు బాధ్యులు’ అన్న మాటలన్నీ కొట్టేశారు. ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదట. అందులో వాదనలు, వ్యంగ్యం, నిందలు ఉండకూడదు. విషయం ముఖ్యంగా కేంద్ర ప్రభుత్వానికి సంబంధించినదై ఉండాలి. మా పంచాయతీలో మోటారు కాలిపోయిందని అడిగితే నోటీసు దశలోనే పక్కన పెడతారు. కేంద్రం డబ్బు పెట్టే పథకమైతే ఆ డబ్బు గురించి అడగవచ్చు. ఇంకో మాట కూడా ఆయనే చెప్పారు: మన నియోజకవర్గపు ఎంపీయే అడగాలని లేదు, ఉభయ సభల్లో ఎవరైనా ఏ జిల్లా గురించైనా అడగవచ్చు.

అలా కుదించి పంపిన మొదటి ప్రశ్న సారాంశం ఇది: తాగునీటి పథకం కింద రాష్ట్రానికి ఎంత విడుదల చేశారు? దానికి జవాబుగా ఒక పట్టిక వచ్చింది. అందులో రాష్ట్రాల పేర్లు, ఆంధ్రప్రదేశ్‌కు ఒక్క వరుస, ఒక మొత్తం. తప్పు జవాబేమీ కాదు, మేం అడిగినదానికి సరిగ్గా సరిపోయే జవాబే అది. దాన్ని చేతిలో పట్టుకుని మా వీధిలో నిలబడితే మాత్రం దేనికీ పనికిరాలేదు.

దీనికి కారణం తెలుసుకోవడానికే నాకు కొన్ని నెలలు పట్టింది. ప్రభుత్వ లెక్కల్లో కేటాయించడం ఒకటి, విడుదల చేయడం మరొకటి, ఖర్చు చేయడం ఇంకొకటి. బడ్జెట్లో రాసినదంతా విడుదల కాదు. విడుదలైనదంతా ఖర్చు కాదు. రాష్ట్రం తన వాటా కలిపి, పని చూపించి, వచ్చిన డబ్బు ఖర్చు చేశామని వినియోగ ధ్రువపత్రం పంపితేనే తర్వాతి విడత కదులుతుంది. ఖర్చయిందన్నా కుళాయి బిగించినట్టే తప్ప నీళ్ళు వచ్చినట్టు కాదు. ‘ఎంత విడుదల చేశారు’ అని మాత్రమే అడిగితే మిగతా గదులన్నీ మూసే ఉంటాయి.

రెండోసారి ప్రశ్నను భాగాలు చేశాం. ఏడాదివారీగా కేంద్రం ఎంత కేటాయించింది, అందులో ఎంత విడుదల చేసింది, రాష్ట్రం తన వాటా ఎంత కలిపింది, మొత్తంలో ఖర్చయింది ఎంత, జిల్లాల వారీగా ఎన్ని ఇళ్ళకు కుళాయిలు ఇచ్చారు, ఫ్లోరైడు ఉన్న ఆవాసాలు ఎన్ని, వాటిలో ఎన్నింటికి రక్షిత నీరు అందుతోంది. ఒక్క విశేషణం లేదు. రాసిన నాకే చప్పగా అనిపించింది, కానీ సహాయకుడు ఈసారి పెన్ను తీయలేదు.

నక్షత్ర గుర్తు ప్రశ్న అయితేనే గొప్ప అనుకోవద్దు. లోక్‌సభలో రోజుకు అలాంటివి 20 మాత్రమే, అవీ లాటరీలో వస్తాయి. మంత్రి సభలో నోటితో జవాబు చెబుతారు, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనివి రోజుకు 230, వాటికి జవాబు రాతపూర్వకంగా వస్తుంది. అంకెలు కావాలంటే నా అనుభవంలో గుర్తు లేని ప్రశ్నే మేలు, పట్టికలన్నీ కాగితం మీదే ఉంటాయి. మాదీ అలాంటిదే.

జవాబు మొదటి వాక్యమే ‘తాగునీరు రాష్ట్ర జాబితాలోని అంశం’ అని మొదలైంది. అంటే అది రాష్ట్రం చూసుకోవాల్సిన పని అని, ఇక ఇంతే అనుకున్నాను. కానీ కింద అనుబంధంలో జిల్లాల పట్టిక ఉంది. ఒక భాగానికి మాత్రం ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అన్నారు. అది చూసి నిరుత్సాహపడకండి. ఆ మాటను సభ హామీగా లెక్కిస్తుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, దాన్ని వెంటాడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. తేదీ రాసి పెట్టుకోండి.

ఆ పట్టిక నకలు జతచేసి మండల స్థాయి కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చాం, రుసుము అయిదు రూపాయలు. మా ఊరిలో కుళాయి ఇచ్చిన ఇళ్ళ జాబితా కావాలన్నాం. చట్టంలోని 8(1) సెక్షన్ చివర్లో అప్పట్లో ఒక మాట ఉండేది: పార్లమెంటుకు గానీ శాసనసభకు గానీ నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదు. దరఖాస్తులో ఆ వాక్యం రాశాం. 2025లో సవరణ అమల్లోకి వచ్చాక చట్టంలో ఆ మాట లేదు. నెలలోపు జాబితా వచ్చింది. అందులో మా అమ్మ పేరు ఉంది, కుళాయి పనిచేస్తున్న ఇల్లు అని.

ఆ జాబితా పట్టుకుని గ్రామసభలో ఇంటింటి పేరూ చదివాం. తర్వాత ఇంజనీరు వచ్చి చూస్తే ట్యాంకు నుంచి వచ్చిన గొట్టానికీ మా వీధి గొట్టానికీ మధ్య రోడ్డు కింద కలపనే లేదు. రెండు నెలల్లో కలిపారు. మా అమ్మ పాలకవరు విప్పిన రోజు వీధిలో ఆడవాళ్ళంతా బిందెలతో వచ్చారు.

1957లో జీవిత బీమా సంస్థ సొమ్మును ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన సంగతి లోక్‌సభలో ప్రశ్నలతోనే బయటపడింది, మరుసటి ఏడు ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మాది గొట్టం ముక్క పనే కావచ్చు, కానీ పనిచేసింది అదే సాధనం. మన ప్రాంతంలో కేంద్రం పరిధిలోవి ఇంకా ఉన్నాయి. దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా వెళ్ళే నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గానికి ఏటా ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది అని ఎవరైనా అడిగించవచ్చు.

మీరు మొదలుపెట్టేముందు పార్లమెంటు వెబ్‌సైటులో ఆ శాఖ పాత జవాబులు వెతకండి. ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. సగం సమాచారం అక్కడే దొరకవచ్చు. ప్రశ్న నోటీసు జవాబు రావాల్సిన రోజుకు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, జవాబులకు ఒక్కో శాఖకు వారంలో ఒక్కో రోజు ఉంటుంది. కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించేసరికి మీ ముసాయిదా ఎంపీ కార్యాలయంలో ఉండాలి.

మా కుళాయిలో ఇప్పుడు వస్తున్నవి బోరు నీళ్ళే. వాడుకకు సరిపోతున్నాయి, తాగడానికి ఇంకా ఇరవై లీటర్ల క్యాను కొంటున్నాం. అందుకే మూడో ప్రశ్న రాస్తున్నాను: ఫ్లోరైడు ఆవాసాల్లో పనిచేస్తున్నట్టు చూపిన కుళాయిల్లో ఎన్నింటి నీటిని పరీక్షించారు, వాటిలో ఎన్ని ప్రమాణం లోపల ఉన్నాయి, గ్రామాల వారీగా. రెండో ప్రశ్న నకలు నా దగ్గరే ఉంది, కావాలంటే కింద రాయండి, పంపిస్తాను.